అమ్మీ డీవీడీ ప్లేయర్ చేసిన గునాహ్ ఏంది?

మా అమ్మీ ఇంట్లోంచి డీవీడీ ప్లేయర్ పోయి ఇరవై రోజులైంది. తీసుకెళ్ళింది ఎవరో కుసుమంచిలో మా గల్లీ అంతటికీ తెలుసు. మా ఆపా కొడుకు. చిల్లా నుంచి వచ్చిన మూడో రోజు జుహర్ నమాజ్ తర్వాత నానీ ఇంటికి వచ్చాడు, సలామ్ చెప్పాడు, చాయ్ తాగాడు, వైర్లు పీకి ప్లేయర్‌ని సంచీలో వేసుకుని పోయాడు. "నానీ, యే సబ్ ఘర్ మే నక్కో, ఫరిష్తే నై ఆతే" అన్నాడట. అమ్మీకి డెబ్బై దాటాయి. మనవడితో కొట్లాడలేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగింది. "బేటా, ఉస్కే జేబ్ మే జో ఫోన్ హై, ఉస్కో దేక్కే ఫరిష్తే ఆతే క్యా?"

ఈ సవాల్‌కి నా దగ్గర జవాబు లేదు. మా భాంజా దగ్గర కూడా లేదు. ఉంటే చెప్పమని వారం ఆగాను. ఇంటి గొడవ బజార్లో ఎందుకు పెడుతున్నావని ఆపా అడుగుతుంది, తెలుసు. కానీ ఇది మా ఒక్క ఇంటి గొడవైతే నేను రాసేవాణ్ణి కాదు. మీలో చాలామంది ఇళ్ళలో నానీల, దాదీల టీవీలు, ప్లేయర్లు ఇట్లాగే అటక ఎక్కాయి. మగపిల్లల జేబుల్లో ఫోన్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముందే ఒక మాట. నేను జమాత్‌కి ఖిలాఫ్ కాదు. జమాత్ తిరిగిన పిల్లలు తాగుడు మానడం, తల్లిదండ్రులకు సలామ్ చెప్పడం నేర్చుకోవడం నా కళ్ళతో చూశాను. మా భాంజా కూడా మంచి పిల్లాడే. నా ఝగడా అతనితో కాదు, అతను ఆ మధ్యాహ్నం ఇచ్చిన ఫైస్లాతో. ఆ ప్లేయర్‌లో అమ్మీ ఏం చూస్తుందో, ఎట్లా చూస్తుందో ఒక్కసారి కూడా అడగకుండానే ఇచ్చాడు.

ఏం చూస్తుందో నేను చెప్తా. ఆమె మంచం కింద రేకు డబ్బాలో పాతిక దాకా వీసీడీలున్నాయి. 'మహల్' (1949), 'కానూన్' (1960), 'బీస్ సాల్ బాద్' (1962), 'వో కౌన్ థీ' (1964), 'కోహ్రా' (1964), 'గుమ్నామ్' (1965), 'మేరా సాయా' (1966), 'ఇత్తెఫాక్' (1969). తెలుగులో 'ఆమె ఎవరు?', 'అవే కళ్ళు', వంశీ తీసిన 'అన్వేషణ'. అన్నీ జాసూసీ సినిమాలే, అన్నీ షక్ మీద నడిచేవే. ప్రేమకథలు ఆమెకు పడవు. "ఉనో దోనో షాదీ కర్లేతే, అప్నేకు క్యా" అంటుంది.

ఈ మోజు ఇవాళ్టిది కాదు. మా చిన్నప్పుడు మా ఆడవాళ్ళలో సినిమా హాలు లోపల ఎట్లుంటుందో తెలిసినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. పర్దా ఒక కారణం, పైసలు ఇంకో కారణం, ఖమ్మం నుంచి రాత్రి తిరిగొచ్చే బస్సు మూడో కారణం. 1980ల్లో వీసీఆర్ వచ్చాక సినిమానే ఇంటికి వచ్చింది. పెళ్ళో, ఛట్టీనో, అఖీఖానో ఏదో ఒక బహానా దొరికితే నాలుగిళ్ళవాళ్ళు పైసలు పోగేసి ఖమ్మం నుంచి కలర్ టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చేవాళ్ళు. దుప్పటి చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చేవాళ్ళు, పసిపిల్లను తెచ్చినట్టు. దాలాన్‌లో టీవీ. మగవాళ్ళు బయట చాపల మీద, ఆడవాళ్ళు లోపలి గది గడప దగ్గర. ఇషా తర్వాత మొదలుపెడితే ఫజర్ దాకా. ముందు అద్దెకు తీసుకున్నవాళ్ళు ఖూనీ సీన్‌ని వెనక్కి తిప్పి తిప్పి చూసేవాళ్ళు కాబట్టి అక్కడే టేపు అరిగి గీతలు పడేవి. తెర మీద గీతలు మొదలైతే ఖూనీ దగ్గరపడిందని మా పిల్లలకు తెలిసిపోయేది. ఉర్దూ మీడియం చదువు నాకు మొదట పనికొచ్చింది అక్కడే. టైటిల్స్‌లో ఉర్దూలో పడే పేర్లు గట్టిగా చదివి వినిపించడం నా డ్యూటీ.

తర్వాత వీసీఆర్ పోయి వీసీడీలు వచ్చాయి. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. కిలో చికెన్ ధరకంటే తక్కువకు సినిమా సొంతం. ఖమ్మం పోయినప్పుడల్లా నేను ఒకటో రెండో తెచ్చేవాణ్ణి. అట్టల మీద ఇంగ్లీషు అక్షరాలు, చిన్నగా హిందీ. ఉర్దూ ఒక్క ముక్క కనబడేది కాదు. లోపల మనుషులు మాట్లాడేదంతా ఉర్దూనే, రాసినవాళ్ళలో ఎందరో ఉర్దూ షాయర్లే, అట్ట మీద మాత్రం జాగా లేదు. సరే, అది వేరే రోనా.

అమ్మీ ఎట్లా చూస్తుందో చెప్పాలి, అసలు సంగతి అక్కడుంది.

వీసీడీ అంటే ఒక సినిమా రెండు ముక్కలు. మొదటి డిస్క్ ఎక్కడ అయిపోతే అక్కడే, ఒక్కోసారి సగం డైలాగ్‌లో ఆగిపోతుంది. అమ్మీ దాన్ని ఖాయిదాగా మార్చింది. రెండో డిస్క్ పెట్టేముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఎవరి మీద షక్ ఉందో చెప్పాలి. పేరు చెబితే సరిపోదు, వజహ్ చెప్పాలి. "సూరత్ ఐసీచ్ హై" అంటే ఒప్పుకోదు. ముఖం సబూత్ కాదు. ఇంక సినిమా అయ్యాక ఎవరి షక్ తప్పయిందో వాళ్ళు టీవీ వైపు తిరిగి, తాము అనుమానించిన పాత్రకు మాఫీ చెప్పాలి. నవ్వుకుంటూనే చెప్పేవాళ్ళం, కానీ చెప్పాల్సిందే. మా ఛోటీ ఖాలా 'బీస్ సాల్ బాద్'లో పాపం ఒక అమాయకుణ్ణి మొదటి నుంచి ఖాతిల్ అని తిట్టి, ఆఖరున "మాఫ్ కరో భాయ్‌జాన్, మైనే బద్గుమానీ కరీ" అని చెంపలు వేసుకుంది. ఆ రాత్రి మేం నవ్విన నవ్వుకి పక్కింటోళ్ళు లేచొచ్చారు.

ఇప్పుడు ఈ ఆడవాళ్ళ రాయ్‌లు కొన్ని వినండి. సినిమాల గురించి పేపర్లలో రాసేవాళ్ళు వీళ్ళను ఏనాడూ అడగలేదు.

'మహల్' చూసి లోకమంతా మధుబాల కోసం ఏడ్చింది. కమాల్ అమ్రోహీ తీసిన మొదటి సినిమా, లతా మంగేష్కర్ పేరు దేశమంతా తెలిసిన సినిమా. అమ్మీ ఏడ్చింది మాత్రం అశోక్‌కుమార్ పెళ్ళాం కోసం. రంజనా అనే ఆ పెళ్ళాన్ని ఎవరు గుర్తుపెట్టుకున్నారు? పాత మహల్లో కనబడిన నీడను మరిచిపోవడానికని మొగుడు ఆమెను పాములు, గబ్బిలాలు తిరిగే పాడు జాగాకు తీసుకెళ్ళి పడేస్తాడు, పక్కనే ఉండి ముఖం కూడా చూడడు. ఆమె చివరికి విషం తాగుతుంది. "సబ్ కూ ఉస్ భూత్ కీ ఫికర్. ఘర్ మే జిందా ఔరత్ మర్రీ, కోయీ నై దేఖా" అంది అమ్మీ. ఎంఏ సినిమా చదివినోళ్ళు రాసిన వ్యాసాలు నేను చదివాను. ఈ ఒక్క మాట వాటిలో నాకు దొరకలేదు.

'వో కౌన్ థీ' మీద ఆమె రాయ్ ఇంకా గట్టిది. వాన రాత్రి రోడ్డు మీద తెల్లచీరలో కనబడిన ముఖమే పెళ్ళి రాత్రి పెళ్ళికూతురి ముఖంగా కనిపిస్తుంది మనోజ్‌కుమార్‌కి. అక్కణ్ణుంచి ఆ పిల్లను ఇంట్లో భూతాన్ని చూసినట్టు చూస్తాడు. అసలు సంగతి ఆస్తి. ఆయనకు పిచ్చి ఎక్కించి వరాసత్ కొట్టేద్దామని అయినవాళ్ళు పన్నిన పన్నాగం. (అరవై ఏళ్ళ నాటి సినిమా, కథ చెప్పేశానని తిట్టకండి.) అమ్మీ అన్నది ఇదీ: రోడ్డు మీద ఒక రాత్రి కనబడిన ముఖాన్ని నమ్మాడు, రోజూ వంట చేసి పెట్టిన ముఖాన్ని నమ్మలేదు. అదే రాజ్ ఖోస్లా రెండేళ్ళకు తీసిన 'మేరా సాయా'లో సునీల్‌దత్ కూడా పెళ్ళాన్ని నమ్మడు. కానీ అమ్మీ అతన్ని సగం మాఫ్ చేసింది. "కమ్ సే కమ్ పూఛా తో" అంది. కోర్టులో ఆ ఆడమనిషిని నిలబెట్టి అడిగాడు, ఆమె చెప్పేదాకా విన్నాడు. అడగడం అన్నది అమ్మీ లెక్కలో పెద్ద షరాఫత్.

'ఇత్తెఫాక్'లో పాట ఒక్కటీ లేదు, దాదాపు కథంతా ఒక ఇంట్లో ఒక రాత్రి. పాగల్‌ఖానా నుంచి పారిపోయిన రాజేష్‌ఖన్నా ఉండగా ఇంకెవరిని షక్ చేస్తాం? మేమందరం అతని పేరే చెప్పాం. అందరం మాఫీ చెప్పుకున్నాం. ఇజ్జత్‌దార్‌గా కనిపించేవాళ్ళనీ, వర్దీ వేసుకున్నవాళ్ళనీ ముందే బరీ చేసెయ్యకూడదని ఆ రాత్రి మా పిల్లలకు ఎవరూ బయాన్ ఇవ్వకుండానే అర్థమైంది.

'అన్వేషణ' అంటే అమ్మీకి ప్రత్యేకం. ఆమె మైకా ఇల్లందు వైపు, అడవి అంచున. 1985లో వచ్చిన ఆ సినిమాలో అడవిలో వరసగా చావులు జరుగుతుంటాయి, అందరూ పులి పని అంటారు. చిన్నప్పటి నుంచి పులి కథలు విని పెరిగిన మనిషి కదా, అమ్మీ మొదటి అరగంటలోనే తేల్చేసింది. పులి ఇట్లా చంపదు, పులికి ఎవరి మీదా దుష్మనీ ఉండదు. "బిచారే షేర్ పే తోహ్మత్ లగారే" అని కోపం తెచ్చుకుంది. నోరు లేనిదాని మీద నింద వేయడం అన్నిటికంటే సులువని ఆమెకు తెలుసు.

'మధుమతి'ని మాత్రం ఆమె ఈ డబ్బాలో పెట్టనివ్వదు. దిలీప్‌కుమార్ ఇష్టమే, బిమల్ రాయ్ తీసింది బాగుందనే అంటుంది. కానీ ఆఖర్లో భూతం నిజంగానే వచ్చిందని చూపించడం ఆమె లెక్కలో ధోకా. సబూత్ వెతికి వెతికి అలిసిపోయి రూహ్‌ను గవాహీకి పిలుస్తారా అని అడుగుతుంది.

ఇక్కడే మా భాంజాకి ఒక జవాబు. ఈ సినిమాలు అఖీదా పాడుచేస్తాయని అన్నాడు, భూతాలు, రూహ్‌లు అని. 'మహల్' చూడు, 'బీస్ సాల్ బాద్' చూడు, 'వో కౌన్ థీ' చూడు. భూతం అన్నది ఆఖరికి మనిషే అవుతుంది. ఎవడో ఆస్తి కోసమో, కసితోనో, ఒక ఆడపిల్ల తన పిచ్చి ప్రేమతోనో ఆడిన నాటకం. భూతాల భయం పోగొట్టడంలో ఈ సినిమాలు చేసినంత పని మన ఊళ్ళలో చాలామంది బయాన్‌లు ఇచ్చేవాళ్ళు చేయలేదు. భూత్ దిగిందని కోడలిని ఆమిల్ దగ్గరకు తీసుకెళ్ళి మిరపకాయల పొగ పెట్టించే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. ఆ ఇళ్ళకు పోయి ఎవరూ ఏ సామానూ సంచీలో వేసుకుని రాలేదు.

ఇవి ఇంగ్లీషు కాపీలు అనేవాళ్ళున్నారు. ఔను, 'కోహ్రా' వెనక 'రెబెకా' ఉంది, 'గుమ్నామ్' వెనక అగాథా క్రిస్టీ ఉంది, 'బీస్ సాల్ బాద్' వెనక షెర్లాక్ హోమ్స్ కుక్క ఉంది. మన 'ఆమె ఎవరు?' కూడా 'వో కౌన్ థీ' నుంచి వచ్చిందే. ఐతే ఏంది? నిమ్మకాయ ఎవరి చెట్టుదైనా షర్బత్ మన ఇంటిది. నిదానంగా ఉంటాయి అంటారు ఇంకొందరు. నిదానమే కావాలి. తొందరపడి ఎవరినో ఖాతిల్ అనకుండా ఆపేది ఆ నిదానమే.

పాటల్లో బేషర్మీ ఉందంటే, ఉంది, ఒప్పుకుంటా. 'గుమ్నామ్'లో హెలెన్ డాన్స్ రాగానే అమ్మీ రిమోట్ తీసుకునేది. వీసీఆర్ రోజుల్లో రిమోట్ లేదు, అబ్బా దగ్గి లేచి బయటకు పోయేవారు, పాట అయ్యాక పిలిచేవాళ్ళం. మనిషికి ఆ మాత్రం ఇఖ్తియార్ ఉంది.

అసలు పెద్ద దలీల్ ఇంకొకటి చెప్పాడు మా భాంజా. ఎవరో చెప్పగా విన్నాడట. జాసూసీ కథలు చూడటం, చదవడం తజస్సుస్ కిందకు వస్తుంది, ఖురాన్‌లో తజస్సుస్ మనా ఉంది అని. ఇది వినగానే నాకు నవ్వు, కోపం రెండూ వచ్చాయి.

ఉర్దూలో సస్పెన్స్‌కి తజస్సుస్ అనే లఫ్జ్ వాడతారు, నిజమే. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం. జాసూస్ కూడా అదే మాద్దా నుంచి వచ్చింది. కానీ సూరె హుజురాత్‌లో మనా చేసిన తజస్సుస్ వేరు, పరాయివాళ్ళ ఐబ్‌లు తవ్వడం, గోడ అవతల తొంగిచూడటం. అరబీ లఫ్జ్ ఉర్దూలోకి వచ్చి మానీ మార్చుకుంది, అంతే. ఆ ఆయత్‌లో వరస చూడండి. ముందు గుమాన్ నుంచి దూరంగా ఉండమంది, తర్వాత తజస్సుస్, ఆ తర్వాత గీబత్. మనసులో షక్ పుట్టడం, షక్ తీర్చుకోవడానికి తొంగిచూడటం, చూసింది పదిమందికి పంచడం. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే వాట్సాప్ గ్రూపు నడిచే తరీఖా మూడు మెట్లలో చెప్పేసింది.

మా అబ్బా మర్హూమ్ అల్మారీలో ఇబ్నె సఫీ నావెళ్ళు వరసగా ఉండేవి. 1952లో ఇలాహాబాద్ నుంచి 'జాసూసీ దునియా' మొదలైనప్పటి నుంచి ఉర్దూ చదివే ఇళ్ళలో ఫరీదీ, హమీద్ సొంత చుట్టాలు. అబ్బా తహజ్జుద్ వదలని మనిషి, ఇబ్నె సఫీనీ వదల్లేదు. రెండింటికీ ఝగడా ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. 'కానూన్' క్యాసెట్ వేసిన రాత్రి ఆయన చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. తెర మీద కోర్టు, ఎవరో ఎవరినో ముజ్రిమ్ అన్నారు, నేనూ అన్నాను. అబ్బా నా తల మీద వేలితో తట్టి, "ముజ్రిమ్ నై, ముల్జిమ్. ఫైస్లా హువే బాద్ ముజ్రిమ్" అన్నారు. ఇల్జామ్ పడినవాడు ముల్జిమ్. జుర్మ్ రుజువైనవాడు ముజ్రిమ్. తెలుగులో నిందితుడు, దోషి. తర్వాత డిగ్రీలో తెలుగు చదివాను, పత్రికలో చేరాను, ఇన్నేళ్ళుగా వార్తలు రాస్తున్నాను. నా వృత్తికి కావాల్సిన మొదటి పాఠం అద్దె వీసీఆర్ ముందే అయిపోయింది.

ఆ పాఠం ఎక్కడ మరిచిపోతారో కూడా చూశాను. 18 మే 2007, జుమ్మా నమాజ్ వేళ హైదరాబాద్ మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. చనిపోయింది మనవాళ్ళు. ఆ తర్వాత షక్ పడింది కూడా మనవాళ్ళ మీదే. పాతబస్తీ కుర్రాళ్ళను ఎత్తుకుపోయారు, కొట్టారు. అప్పుడు నేను పనిచేసిన డెస్కులో 'నిందితుడు' అన్న మాట రాస్తే కొట్టేసి 'ఉగ్రవాది' అని దిద్దారు. ఆ పిల్లలను తర్వాత కోర్టు బరీ చేసింది, కొందరికి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. పదకొండేళ్ళకు, 2018 ఏప్రిల్‌లో, కేసు నడిచిన ఇంకో ఐదుగురిని కూడా సబూత్ చాలక ప్రత్యేక కోర్టు వదిలేసింది. చేసింది ఎవరో ఇవాళ్టికీ తేలలేదు. దిద్దిన డెస్కు మాఫీ చెప్పలేదు. పేరు చూసి షక్ చేయడం ఎట్లుంటుందో, ఖాదర్ మొహియుద్దీన్ 1991లో 'పుట్టుమచ్చ' రాసినప్పటి నుంచి తెలుగు చదివే ప్రతి ముసల్మాన్‌కీ తెలుసు. అంతకు ముందు కూడా తెలుసు, పేరు లేదంతే.

ఇంత తెలిసిన ఖౌమ్ తన ఇంట్లో ఆడపిల్లతో ఏం చేస్తుందో ఇప్పుడు చెప్తా. మా భాంజాతో నా అసలు ఝగడా ఇది.

మా దూరపు చుట్టాల్లో ఒకమ్మాయి ఖమ్మంలో చదువుకుంటోంది. రిష్తా కుదిరింది, మంగ్నీ అయింది. పోయిన సంవత్సరం ఎవడో ఆ పిల్ల బస్టాండ్ దగ్గర ఒక కుర్రాడితో బెంచీ మీద కూర్చుని జ్యూస్ తాగుతుంటే వెనక నుంచి ఫోటో తీశాడు. బుర్ఖా పైకెత్తి ఉంది, ముఖం సగం కనిపిస్తోంది. ఫోటో గ్రూపులో పడింది. కింద ఒక సవాల్: 'యే కిస్కీ బేటీ హై?' సాయంత్రానికి పేరు, ఇల్లు, కాలేజీ అన్నీ వచ్చేశాయి. రాత్రికి పెళ్ళికొడుకు ఇంటికి చేరింది. మూడో రోజు మంగ్నీ సామాను తిరిగొచ్చింది.

ఆ కుర్రాడు ఆమెకు రజాయీ భాయ్. ఈ పిల్ల పుట్టినప్పుడు తల్లికి జబ్బు చేస్తే ఖాలా తన బిడ్డతోపాటు ఈ పిల్లకూ పాలిచ్చి సాకింది. దూద్ షరీక్ అన్న. షరీఅత్ ప్రకారం మహ్రమ్, సొంత అన్న ఎంతో అతనూ అంతే. కాలేజీ ఫీజు పైసలు ఇవ్వడానికి వచ్చాడు. ఈ సంగతి మా ఆడవాళ్ళందరికీ తెలుసు. ఎవరి పాలు ఎవరు తాగారో అమ్మీకి మూడు తరాల లెక్క నోటికి వచ్చు. ఒక్కరు అమ్మీని అడిగి ఉంటే అయిపోయేది. ఎవరూ అడగలేదు. ఫోటో ఉంది కదా, ఇంక అడిగేదేముంది?

ఆడమనిషి మీద తోహ్మత్ వేస్తే నలుగురు గవాహ్‌లు తేవాలని, తేలేకపోతే వేసినవాడికే సజా అని మన దీన్ చెప్తుంది. ఆ హుక్మ్ ఏ సందర్భంలో వచ్చిందో, ఏ పాక్ తల్లి మీద వేసిన తోహ్మత్ తర్వాత వచ్చిందో చిల్లా తిరిగిన పిల్లలకు నేను చెప్పాలా? మా వాళ్ళకు నలుగురు గవాహ్‌లు అక్కర్లేకపోయింది. వెనక నుంచి తీసిన ఒక్క ఫోటో చాలింది.

ఆ గ్రూపులో మా భాంజా ఉన్నాడు. ఫోటోను ఇంకో రెండు గ్రూపులకు పంపాడు. నేను అడిగితే దాచలేదు. "మామూ, ఇస్లాహ్ కే వాస్తే భేజా" అన్నాడు. నిజం బయటపడ్డాక ఏం చేశావన్నాను. డిలీట్ చేశాడట. ఆ పిల్ల ఇంటికి పోయి మాఫీ అడిగావా అన్నాను. తల దించుకున్నాడు. ఫోటో పంపిన మగవాళ్ళలో ఒక్కడు కూడా పోలేదు. తెర మీది పాత్రకు, ప్రాణం లేని బొమ్మకు మాఫీ చెప్పించేది మా అమ్మీ. ఆమె ఇంట్లో పెరిగిన పిల్లాడే బతికున్న చెల్లెలికి చెప్పలేకపోయాడు.

బేటా, నీకిది చదివి వినిపిస్తారని తెలుసు. ఆలోచించు. సూరె హుజురాత్ చెప్పిన తజస్సుస్ ఎవరు చేశారు? పాతికేళ్ళుగా ఒకే పాతిక సినిమాలు చూస్తూ, వజహ్ లేకుండా ఎవరి పేరూ చెప్పొద్దనే నీ నానీయా? వెనక నుంచి ఫోటో తీసినవాడా, దాన్ని పంపినవాడా? ఏ సామాను సంచీలో వేసుకుని ఇంటి బయట పెట్టాల్సింది, ఏది జేబులో మిగిలింది?

టీవీ చూస్తే నమాజ్ పోతుందని భయపడ్డావు. నీ నానీ అజాన్ వినగానే ఖాతిల్ కత్తి ఎత్తిన చోటే ఆపేసి వుజూకు పోతుంది. సుబ్బరంగా నమాజ్ చేసి, తస్బీహ్ తిప్పుకుని వచ్చి, అక్కణ్ణుంచి చూస్తుంది. ఆ నిబ్బరం నాకు లేదు, నీకూ లేదు. గ్రూపులో మెసేజ్ మోగితే సఫ్‌లో నిలబడ్డవాళ్ళ చేతులు జేబుల వైపు పోవడం నేను చూశాను.

జుమ్మా తర్వాత ఆ ప్లేయర్ తెచ్చి నానీకి ఇచ్చేయ్. కొత్తది కొనిస్తానని అనకు, ఇప్పుడు కొందామన్నా దొరకడం కష్టం. దారిలో ఆ అమ్మాయి ఇల్లు పడుతుంది, ముందు అక్కడ ఆగు.

ఇంకొకటి. నీకు తెలీక పీకేశావు గానీ ఆ రోజు ప్లేయర్‌లో డిస్క్ ఉంది. 'కానూన్' రెండోది. నీ చెల్లెలు బడి నుంచి వచ్చి నానీతో మొదటిది చూసి, ఖాయిదా ప్రకారం ఖాతిల్ ఎవరో వజహ్‌తో సహా చెప్పింది. నానీ ఔనలేదు, కాదనలేదు. రాత్రి ఇషా తర్వాత రెండోది వేస్తానంది. పన్నెండేళ్ళ పిల్ల, ఇరవై రోజులుగా రోజూ నాకు ఫోన్ చేసి అడుగుతోంది. నేను చెప్పడం లేదు.